బేసికి చోటు లేదని తేల్చిన యాజలి సుబ్బారావు

సరి సంఖ్యలకూ ప్రధాన సంఖ్యలకూ పైకి చూస్తే పొత్తు కుదరదు. అంబాజీపేటలో 14 కొబ్బరికాయలు పోస్తే రెండు సమాన వరుసలుగా ఇట్టే పేర్చవచ్చు. అదే 13 అయితే ఎలా పేర్చినా వరుసలు సమంగా రావు, ఒక్క బారుగా పెట్టాల్సిందే. 2ను పక్కనపెడితే సరి సంఖ్య ఏదీ ప్రధానం కాదు. అయినా గణితంలో పాత చిక్కుముళ్లు కొన్ని ఈ రెండింటి చుట్టరికంలోనే పడ్డాయి.

1742 జూన్ 7న గోల్డ్‌బాక్ ఆయిలర్‌కు రాసిన ఉత్తరంతో మొదలైన ప్రశ్న అందరికీ తెలిసిందే. 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనా? 28 అంటే 5, 23. 60 అంటే 7, 53. ఇప్పటికీ నిరూపణ లేదు.

అంతకంటే పాత బంధుత్వం యూక్లిడ్ చూపించాడు. 28కి తాను కాకుండా ఉన్న కారణాంకాలు 1, 2, 4, 7, 14. కూడితే మళ్లీ 28. ఇలాంటివి పరిపూర్ణ సంఖ్యలు. ఇవి కావాలంటే 1 నుంచి రెట్టింపు చేస్తూ కూడుతూ పోవాలి, మొత్తం ప్రధాన సంఖ్య అయినప్పుడు దాన్ని చివరి సంఖ్యతో గుణించాలి. 1+2+4 అంటే 7, ప్రధాన సంఖ్య. దాన్ని చివరి 4తో గుణిస్తే 28 వస్తుంది. సరి పరిపూర్ణ సంఖ్యలకు ఇదొక్కటే దారి అని 18వ శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. 2024 అక్టోబరులో దొరికిన భారీ ప్రధాన సంఖ్యతో ఇలా తెలిసినవి 52 అయ్యాయి. బేసి పరిపూర్ణ సంఖ్య మాత్రం ఒక్కటీ దొరకలేదు, లేదని రుజువూ కాలేదు.

ఈ ప్రశ్నను కాస్త మార్చి అడిగినవారు మన మతుకుమల్లి వెంకట సుబ్బారావు. 1921లో గుంటూరు ప్రాంతంలోని యాజలిలో పుట్టారు. మద్రాసులో 1953లో డాక్టరేట్ పొంది, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1963లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు.

1966లో ఎల్.జె. వారెన్‌తో కలిసి ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. అందులో కారణాంకాలన్నిటినీ లెక్కలోకి తీసుకోలేదు. కారణాంకానికీ భాగఫలానికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండకూడదన్నది షరతు. ఇలాంటి కారణాంకాలను 1931లోనే పరిశీలించింది ఆయన గురువు ఆర్. వైద్యనాథస్వామి. 60లో 2 చెల్లదు, ఎందుకంటే 30లోనూ 2 ఉంది. 4 చెల్లుతుంది, 15తో దానికి పొత్తు లేదు. 60 కాకుండా అలా మిగిలిన 1, 3, 4, 5, 12, 15, 20 కూడితే సరిగ్గా 60. వీటికి యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలని పేరు.

వీటిలో బేసి ఎందుకు ఉండదో అమలాపురం హైస్కూలు పిల్లలైనా బోర్డు మీద చూపగలరు. 60ను 4, 3, 5గా విడదీసి, ఒక్కోదానికి 1 కలిపి గుణిస్తే 5×4×6, అంటే 120. ఇది 60తో సహా అలాంటి కారణాంకాలన్నిటి మొత్తం, 60కి రెట్టింపు. ఏ యూనిటరీ పరిపూర్ణ సంఖ్యకైనా ఇలా రెట్టింపు రావాలి. బేసి సంఖ్యను ఇలాగే ప్రధానాంకాల ఘాతాలుగా విడదీస్తే ముక్కలన్నీ బేసివే. 1 కలపగానే ప్రతిదీ సరి అవుతుంది. ముక్కలు రెండున్నా లబ్ధాన్ని 4 భాగిస్తుంది, కానీ బేసి సంఖ్య రెట్టింపును 4 భాగించదు. ముక్క ఒక్కటే అయితే, 1 కలిపితే అది రెట్టింపు కావాలి. 1కి తప్ప అది సాధ్యం కాదు.

ఆ వ్యాసంలో ఉన్నవి 6, 60, 90, 87360. ఐదోదాన్ని చార్లెస్ వాల్ 1975లో ప్రచురించారు. అందులో 24 అంకెలు! ఆరోది ఇంతవరకు దొరకలేదు. ఇవి పరిమితంగానే ఉంటాయని సుబ్బారావు ఊహించారు. అది తేలకముందే 2006లో కన్నుమూశారు.

యూక్లిడ్ ప్రశ్నలో సరి సంఖ్యల గుట్టు తెలిసింది, బేసివి తేలలేదు. సుబ్బారావు ప్రశ్నలో అంతా తలకిందులైంది. బేసివి నాలుగు మాటల్లో తేలిపోయాయి. సరి సంఖ్యలను పుట్టించే సూత్రం మాత్రం ఇంకా ఎవరికీ చిక్కలేదు.