చారలు విప్పితేనే తుపాకీ

రెండో ప్రపంచయుద్ధంలో, 1944 డిసెంబరు 16న ఐరోపాలోని ఆర్డెన్ అడవుల్లో జర్మన్ సేనలు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. కొద్ది రోజుల్లోనే అమెరికా పదాతిదళం పల్చబడిపోయింది. తుపాకీ పట్టి ముందువరుసలో నిలిచే మనుషులే కరువయ్యారు. యుద్ధరంగం వెనుక మాత్రం వేలాదిమంది నల్లజాతి సైనికులు లారీలు నడుపుతూ, ఓడల సరుకు దించుతూ, రోడ్లు వేస్తూ ఉన్నారు. వాళ్లలో చాలామంది పోరాడతామని ముందునుంచీ అడుగుతున్నవాళ్లే.

సరఫరా విభాగాల అధిపతి లెఫ్టినెంట్ జనరల్ జాన్ సి.హెచ్. లీ డిసెంబరు 26న వాళ్లను పదాతిదళంలోకి ఆహ్వానించారు. రంగు, జాతి చూడకుండా అవసరమున్న చోటికి పంపుతామని ఆ పిలుపులో రాశారు. మిత్రసేనల అధిపతి ఐసెన్‌హోవర్ కార్యాలయం ఉలిక్కిపడి ఆ మాటను మార్పించింది. ఒక్కొక్కరిని తెల్లవాళ్ల దళాల్లో కలపకుండా, విడి ప్లటూన్లుగానే (చిన్న దళాలుగానే) పంపాలని తేల్చారు.

దీనికి తోడు మరో షరతు ఉంది. ప్రైవేట్, ప్రైవేట్ ఫస్ట్ క్లాస్ అనే అట్టడుగు హోదాల్లో ఉన్నవారికే అవకాశం. సార్జెంట్లు రావాలనుకుంటే హోదాను చూపే భుజం చారలు వదులుకుని కింది హోదాకు దిగాలి.

కొత్త పనికి మారేవాడు కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలన్న నియమం సైన్యంలో వింతేమీ కాదు. లారీ దళంలో సార్జెంటైనవాడికి రైఫిల్ దళాన్ని నడిపే నేర్పు ఉంటుందన్న హామీ లేదు కదా. కానీ ఇక్కడి అసలు భయం వేరు. నల్లజాతి సార్జెంటు ఆజ్ఞకు తెల్లజాతి సైనికుడు తలవంచాల్సి రావడం పైవాళ్లకు సమ్మతం కాలేదు. అందుకే ఆ ప్లటూన్ల నాయకత్వాన్ని తెల్లవాళ్లకే అప్పగించారు. నేర్పు పేరు చెప్పి జాతి గీత గీయడం ఇదే.

అయినా ఫిబ్రవరికల్లా 4,562 మంది ముందుకొచ్చారు. ఎందరో సార్జెంట్లు హోదా, దానితో వచ్చే జీతం వదులుకున్నారు. ఎంపికైనవారు ఫ్రాన్స్‌లోని కాంపియేన్‌లో శిక్షణ పొంది 53 ప్లటూన్లుగా యుద్ధంలోకి వెళ్లారు.

వాళ్లలో ఎడ్వర్డ్ కార్టర్ కథ మనకు కాస్త దగ్గరిది. లాస్ ఏంజెలెస్‌లో పుట్టినా, క్రైస్తవ మిషనరీల బిడ్డగా బాల్యం భారతదేశంలో, షాంఘైలో గడిచింది. లారీ దళంలో స్టాఫ్ సార్జెంటుగా ఉన్నవాడు చారలు విప్పి పదాతి సైనికుడయ్యాడు. 1945 మార్చి 23న జర్మనీలోని స్పేయర్ దగ్గర ముగ్గురితో కలిసి మైదానం దాటుతుండగా ఇద్దరు చనిపోయారు, మూడోవాడు తీవ్రంగా గాయపడ్డాడు. అయిదు చోట్ల గాయాలైనా కార్టర్ ఒంటరిగా సాగాడు. తనను పట్టుకోవడానికి వచ్చిన ఎనిమిది మందిలో ఆరుగురిని చంపి, ఇద్దరిని బందీలుగా తెచ్చాడు. వాళ్లనుంచి శత్రువుల ఆచూకీ కూడా రాబట్టాడు.

తర్వాత జరిపిన సర్వేలో, ఈ ప్లటూన్లతో కలిసి పోరాడిన తెల్లజాతి అధికారుల్లో 84 శాతం మంది వాటి పోరాటం చాలా బాగుందన్నారు. సైన్యం ఆ ఫలితాలను అప్పట్లో బయటపెట్టలేదు. యుద్ధం ముగిశాక ఈ సైనికుల్లో చాలామందిని తాము పోరాడిన డివిజన్లతో ఇంటికి పంపకుండా, మళ్లీ సరఫరా దళాలకే మళ్లించారు. సైన్యంలో జాతి వివక్షకు తెరదించే అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు 1948 జులైలో వచ్చింది.

ఆ మరుసటి ఏడాదే కార్టర్‌ను కమ్యూనిస్టన్న అనుమానంతో సైన్యంలోకి మళ్లీ తీసుకోలేదు. ఆయన 1963లో చనిపోయాడు. దేశ అత్యున్నత శౌర్య పురస్కారం ‘మెడల్ ఆఫ్ ఆనర్’ 1997 జనవరి 13న ఆయన కుటుంబానికి అందింది. అనుమానపు మచ్చ వేసినందుకు సైన్యం క్షమాపణ చెప్పడానికి మరో రెండేళ్లకు పైగా పట్టింది.