గర్భిణుల రక్తహీనత: బొంబాయి మిల్లుల నుండి భీమవరపు శాస్త్రజ్ఞుని వరకు

నాటి బొంబాయి, నేటి ముంబయి నగర నిర్మాణమున తెలంగాణము నుండి వలస వచ్చిన కామాఠీలు పాటుపడిరి. వారి పేరనే కామాఠీపుర వెలసినది. పిదప మిల్లు మగ్గములయొద్ద తెలుగు పద్మశాలీలు అనేకులు పనిచేసిరి. గర్భిణుల ఆహారమునకు సంబంధించిన శాస్త్రమున ఒక ముఖ్యాధ్యాయము ఈ కార్మిక నగరముననే ఆరంభమైనది. దాని ముగింపున ఒక తెలుగువాని కృషియు కలదు. కావున మహారాష్ట్రమందలి తెలుగువారు ఈ చరిత్ర నెరుగుట యుక్తము.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి హాఫ్‌కిన్ సంస్థలో పరిశోధన ప్రారంభించెను. మిల్లు కార్మిక స్త్రీలలో, గర్భధారణ కాలమున, ప్రాణాంతకమగు రక్తహీనత యొకటి కనబడుచుండెను. ఎర్ర రక్తకణములు సంఖ్యలో తగ్గి, పరిమాణమున పెద్దవగుట దాని లక్షణము. ఆమె రోగిణుల భోజనమును పరిశీలింపగా, మాంసకృత్తులు, పండ్లు, కూరగాయలు కొరవడిన పేద యిండ్లలోనే ఈ రోగము హెచ్చుగా నున్నట్లు తేలెను. ఇతర రక్తహీనతకు పనిచేసిన శుద్ధ కాలేయసారము ఈ తల్లులకు గుణమీయలేదు. చవకగా దొరకు ఈస్టు సారమగు మార్మైట్ గుణమిచ్చెను. ఈ ఫలితమును ఆమె 1931లో ప్రకటించెను.

ఈస్టులోని ఆ పదార్థమేమి? 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర జాతి ఆకుల నుండి ఒక ఆమ్లమును వేరుపరచి, ఆకు అను అర్థముగల లాటిన్ పదమునుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. అచ్చటి పరిశోధనకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మరల స్వదేశమును చూడకయే 1948లో అస్తమించెను. గర్భారంభమున ఈ ఆమ్లము చాలినంత యున్నచో శిశువు వెన్నెముక, మెదడు లోపములు చాలవరకు తప్పునని 1991లో రుజువైనది.

భారతదేశమున 1970 నుండి గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు పంచుచున్నారు. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనులు. ఇనుము లోపము ఇందుకు ప్రధాన కారణములలో నొకటి. మాత్ర ఒక్కటియే చాలదు, విస్తరియు మారవలెను.

మన యిండ్లలో ఇచ్చటనే చిక్కు కలదు. బాలింతకు పథ్యమను పేర కారప్పొడి, నేయి, వెల్లుల్లి పెట్టి, ఆకుకూరలు వాతము చేయునని దూరముంచు ఆచారము పలు కుటుంబములలో కలదు. పాలిచ్చు తల్లికి గర్భిణికంటెను అధికాహారము కావలెను. గర్భిణికి దినమునకు సుమారు 350, పాలిచ్చు తల్లికి తొలి ఆరు మాసములలో సుమారు 600 కెలోరీలు అదనముగా అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు ఖరీదైనవి కావు. కూరను అతిగా ఉడికించి నీరు వార్చి పారబోసినచో ఆ ఆమ్లము చాలవరకు నష్టమగును.

వలస వచ్చినను మనము భాషను, పండుగలను నిలుపుకొంటిమి. అది మెచ్చదగినది. ఆకుకూరను బాలింత విస్తరి నుండి తొలగించు పథ్యమును మాత్రము విడుచుట మేలు. తెలుగు బడులలో సుబ్బారావు పేరు చెప్పునపుడు, ఆ మిల్లు కార్మిక తల్లుల కథయు చెప్పినచో, నేటి బాలికలు రేపటి తల్లులై దానిని ఆచరింపగలరు.