సురభి ఇల్లాళ్ళు



మాది పోచంపాడు. గోదావరి మీద శ్రీరాంసాగర్ ఆనకట్ట ఉన్నది మా ఊళ్ళోనే. 1963లో నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేశారు. మా ఆర్మూరు వైపు అంతా పసుపు పంట. కొమ్ములు ఉడకబెట్టి, ఆరబోసి, అమ్ముకునేదాకా ఇంట్లో ఆడవాళ్ళకు వేరే ఊసుండదు. అట్లా పసుపు డబ్బు చేతికొచ్చిన ఒక వేసవిలో, నా చిన్నప్పుడు, మా అమ్మ నన్ను సురభివారి ‘మాయాబజార్’ నాటకానికి తీసుకువెళ్ళింది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరిపోతుంటే నేను నోరు తెరిచి చూశాను. అమ్మ మాత్రం శశిరేఖనే చూసింది. ఇంటికొస్తూ, "ఎంత బాగా పాడిందే పిల్ల! పాపం, దాన్ని ఎవరు చేసుకుంటారో!" అన్నది.

మనలో చాలామందిమి అంతే కదండీ. వేషం చూసి మురిసిపోతాం, వేషం కట్టిన పిల్లను చూసి జాలిపడతాం. ఆ జాలి వెనకాల ఇంకో మాట కూడా ఉంటుంది, అది పైకి అనం.

సురభి కథ 1885లో మొదలైంది. వనారసవారు అసలు తోలుబొమ్మలాట ఆడించేవాళ్ళు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కుటుంబాలు, ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ. కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళికి పిలిస్తే, బొమ్మలకు బదులు తామే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడారు. నడిపించినవారు వనారస గోవిందరావుగారు. ఆ ఊరి పేరే సమాజానికి పేరైపోయింది. పిల్లలు, మనుమలు పెరిగినకొద్దీ ఒక సమాజం రెండై, రెండు నాలుగై, ఒకప్పుడు పదుల సంఖ్యలో సురభి సమాజాలు తెలుగుదేశమంతా తిరిగాయి.

ఆ రోజుల్లో సంసార స్త్రీలు రంగస్థలం ఎక్కడమంటే ఊరంతా చెప్పుకునేవారు. ఆడవేషాలు మగవారే కట్టేవారు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా నడిచి వస్తే ఆడవాళ్ళే ఆ నడక నేర్చుకోవాలన్నంత పేరు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆడవేషం ఆడవారే వెయ్యాలని బళ్ళారి రాఘవగారు గట్టిగా వాదించి, చదువుకున్న స్త్రీలను రంగస్థలం మీదికి తెచ్చారు. అంతకు ఎంతో ముందే సురభివారు ఏ వాదమూ చెయ్యకుండా ఆ పని చేసేశారు. భార్య, చెల్లెలు, కోడలు అందరూ వేషాలు కట్టారు. అవసరమైతే కృష్ణుడి వేషమూ ఆడవాళ్ళే కట్టారు.

ఇక్కడ మా జిల్లా మాట ఒకటి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆడవాళ్ళను రంగస్థలం ఎక్కించిన ఘనత సురభికి ఇస్తారు, మంచిదే. కాని మా నిజామాబాద్ జిల్లాలో బోధన్ దగ్గర అమ్దాపూర్‌లో చిందుల ఎల్లమ్మ ఉండేది. 2005లో పోయింది. చిందు భాగవతంలో ఆడవాళ్ళు తరతరాలుగా ఊరి నడిబొడ్డున గజ్జెకట్టి ఆడారు. వాళ్ళది దళితుల మేళం. అందుకేనేమో, నాటక చరిత్ర రాసినవాళ్ళకు చాలాకాలం వాళ్ళు కనబడలేదు.

సరే, సురభి దగ్గరికి వద్దాం. ఈ సమాజం వ్యాపారం కోసం పెట్టిన కంపెనీ కాదు. అదొక ఉమ్మడి కుటుంబం. టిక్కెట్ల డబ్బు ముందు బియ్యానికి, తరువాత తెరలకు, రంగులకు. ఏమైనా మిగిలితే పంచుకోవడం. పొద్దున వంట చేసే చేతులే సాయంత్రం కిరీటాలు సర్దుతాయి. తెర వెనక ఉయ్యాలలో ఉన్న పిల్లవాడు నడక రాగానే చిన్నికృష్ణుడు, మాటలు రాగానే ప్రహ్లాదుడు, ఇంకొంచెం ఎదిగితే లోహితాస్యుడు. మన ఇళ్ళల్లో పిల్లలు కూర తరగడం చూసి నేర్చుకున్నట్టే వాళ్ళు పద్యం నేర్చుకుంటారు.

సురభి కమలాబాయిగారి పుట్టుక గురించి ఒక కథ చెప్పుకుంటారు. తల్లి నిండు గర్భంతో దమయంతి వేషం కట్టిందట. నాటకం మధ్యలోనే నొప్పులు వచ్చి రంగస్థలం మీదనే ప్రసవించిందట. ఆ కమలాబాయిగారే తెలుగులో మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి. ఆ సినిమా 1932లో విడుదలైంది. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లిగా మీరంతా ఆవిడను చూసే ఉంటారు. నిండు చూలాలు చేత వేషం కట్టించారా అని నాకైతే కోపం వస్తుంది. కాని మా చేలల్లో నెలలు నిండినా పసుపు తవ్విన ఆడవాళ్ళను చూసినదాన్ని, ఒక్క సురభివారినే తప్పుపట్టలేను.

మా అమ్మ ప్రశ్నకు జవాబు కూడా నాకు తరువాత తెలిసింది. వాళ్ళు ఎక్కువగా తమలో తామే సంబంధాలు చేసుకునేవారు. కోడలు కాపురానికి వచ్చేటప్పటికే ఆమెకు నాలుగు నాటకాల పద్యాలు వచ్చి ఉంటాయి. కనుక ఎవరు చేసుకుంటారన్న బెంగ లేదు. దానికి మరో పక్క కూడా ఉంది. నాలుగు నెలలకొక ఊరు మారే పిల్లలకు బడి ఎక్కడిది? నాటకం వద్దు, ఇంకేదైనా చేస్తానన్న పిల్లకు దారి ఎక్కడిది? పొగిడేటప్పుడు మనం ఈ సంగతి మరిచిపోతాం.

సినిమాలు వచ్చాయి, టీవీ వచ్చింది. డేరాలు ఒక్కొక్కటే మూతపడి, చివరికి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని సమాజాలు మిగిలాయి. చాలా కుటుంబాలు హైదరాబాదులో లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో స్థిరపడ్డాయి. 1990లలో బి.వి. కారంత్‌గారు వచ్చి వాళ్ళచేత ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ ఆడించారు. ఆ చివరిది జర్మన్ నాటకానికి మన బస్తీ రూపం. 2013లో ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరంలో ‘మాయాబజార్’ ఆడి వచ్చారు. బాబ్జీగారని అందరూ పిలిచే నాగేశ్వరరావుగారికి పద్మశ్రీ వచ్చిందీ ఆ ఏడే. ఆయన 2022లో కన్నుమూశారు.

కొన్నేళ్ళ క్రితం హైదరాబాదు వెళ్ళినప్పుడు, పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాతోరణంలో మళ్ళీ వాళ్ళ నాటకం చూశాను. అయిపోయాక లోపలికి వెళ్ళాను. యశోద వేషం కట్టినావిడ ముఖాన రంగు ఇంకా తుడుచుకోలేదు, ఒడిలో మనుమడికి అన్నం తినిపిస్తోంది. మాటల్లో ఆమె కూతురి సంగతి అడిగాను. డిగ్రీ చదువుతోందట, సెలవుల్లో వచ్చి రుక్మిణి వేస్తుందట. "బయటి సంబంధాలు కూడా వస్తున్నాయమ్మా," అన్నది. "ఉద్యోగాలు బాగానే ఉన్నాయి. కాని పెళ్ళయ్యాక వేషం కట్టనిస్తారా అంటే ఒక్కరూ పలకడం లేదు. అట్లాంటివాళ్ళకు పిల్లనెట్లా ఇస్తాం?"