కెర్నెల్‌లో ఓ పాత దర్వాజా

2000 నాటి సంగతి. అప్పుడు నేను హైదరాబాద్‌లో కంప్యూటర్ల మరమ్మత్ పని చేసేవాణ్ణి. మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఓ సేట్ దగ్గర్నుంచి కబురొచ్చింది. వెళ్లి చూస్తే, ఆఫీసు మూలన నెట్‌వేర్ 3.12 నడుస్తున్న సర్వర్. ఏ దుకాణం ఎంత ఉద్దర పెట్టిందో, ఎవరు ఎంత జమ చేశారో, ఎనిమిదేళ్ల ఖాతా అంతా దానిలోనే. హార్డ్ డిస్క్ కిర్రు కిర్రుమంటోంది. బ్యాకప్ టేపు డ్రైవ్ ఎప్పుడో ఖరాబైంది.

లెక్కలు చూసే మున్షీ చాచా నన్ను పక్కకు పిలిచారు. "బేటా, ఇది పోతే ఎవరు ఎంత బాకీయో నేను నోటితో చెప్పాలి. ఎవరు మానుతారు? సేట్ రేపు నన్నే కదా అడిగేది" అన్నారు. ఆయన ఫికర్ లెక్కల గురించే కాదు, తన ఇజ్జత్ గురించి కూడా.

కొత్తగా లినక్స్ సర్వర్ పెట్టాలని సేట్ ముందే అనుకున్నారు. నా పని పాతదాన్లోంచి కొత్తదాన్లోకి ఖాతా తేవడం. వినడానికి ఆసానే. ముష్కిల్ ఏమిటంటే, ఆ రెండు మెషీన్ల జబాన్ ఒకటి కాదు.

ఇప్పుడు మన ఫోను నుంచి బ్యాంకు కంప్యూటర్ దాకా అన్నీ టీసీపీ/ఐపీ అనే ఒకే జబాన్ మాట్లాడతాయి. ఆ జమానాలో అలా కాదు. ఆపిల్ మెషీన్లకు 1985 నుంచి ఆపిల్‌టాక్. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ వాళ్లకు 1970లలోనే పుట్టిన డెక్‌నెట్. బ్రిటన్ బడుల్లో బీబీసీ మైక్రో కంప్యూటర్లను కలపడానికి ఎకార్న్ కంపెనీ తెచ్చిన ఎకోనెట్. అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన నావెల్ కంపెనీ 1983లో నెట్‌వేర్ తెచ్చింది. దాని జబాన్ ఐపీఎక్స్. దాని అసల్ జిరాక్స్ కంపెనీ తయారు చేసిన ఎక్స్‌ఎన్‌ఎస్. 1990లలో చిన్నా పెద్దా దఫ్తర్లు ఎన్నిట్లోనో ఇదే నడిచింది.

ఐపీఎక్స్‌లో పతా రాసే తరీఖా నాకు భలే నచ్చేది. ముందు 32 బిట్ల నెట్‌వర్క్ నంబరు, అంటే మొహల్లా. తర్వాత 48 బిట్ల నోడ్ నంబరు, అంటే ఇల్లు. ఇంటి నంబరు ఎవరూ ఇవ్వక్కర్లేదు. నెట్‌వర్క్ కార్డుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నంబరే సరిపోతుంది. సర్వర్ ప్రతి నిమిషానికీ "నేనిక్కడున్నా" అని ఏలాన్ చేస్తూ ఉంటుంది. చిన్న దఫ్తర్‌కు ఇంతకన్నా సులువైన ఇంతెజామ్ ఉండదు.

మరి లినక్స్‌కు ఈ జబాన్ నేర్పడం ఎలా? దాని కెర్నెల్‌లోనే ఆ ఏర్పాటు ఉండేది. మేక్ మెనూకాన్ఫిగ్ అని కొడితే నీలం తెర మీద ఓ పెద్ద జాబితా వస్తుంది. నెట్‌వర్కింగ్ భాగంలోకి వెళ్తే ఐపీఎక్స్, ఆపిల్‌టాక్, ఎక్స్.25, డెక్‌నెట్ అన్నీ వరసగా కనిపించేవి. ఒక్కోదాని ఎదుట మూడు జవాబులు. వై అంటే కెర్నెల్‌లో కలిపెయ్యి. ఎమ్ అంటే మాడ్యూల్‌గా పక్కన ఉంచు, అవసరమైతే పిలుస్తా. ఎన్ అంటే అసలొద్దు. నేను ఐపీఎక్స్‌కు ఎమ్ పెట్టాను. నెట్‌వేర్ ఫైళ్లు చదివే ఎన్‌సీపీ ఫైల్ సిస్టమ్‌కు కూడా ఎమ్. కెర్నెల్ కంపైల్ అయ్యేసరికి రాత్రి పదైంది.

మెషీన్ లేచింది, మాడ్యూల్ ఎక్కింది. సర్వర్ల జాబితా అడిగితే ఒక్కటీ లేదని జవాబు! కేబుల్ మార్చాను, కార్డు మార్చాను. అదే జవాబు. మున్షీ చాచా చాయ్ తెప్పించి, మాట్లాడకుండా కుర్చీలో కూర్చున్నారు. ఆ ఖామోషీ నాకు ఇంకా గుర్తు.

గల్తీ నాదే. ఐపీఎక్స్ ఉత్తరాన్ని ఈథర్‌నెట్ మీద నాలుగు రకాల లిఫాఫాల్లో పెట్టొచ్చు. వీటినే ఫ్రేమ్ టైప్ అంటారు. పాత నెట్‌వేర్ మామూలుగా వాడేది 802.3 అనే ముడి లిఫాఫా. 3.12 నుంచి మామూలు 802.2 అయింది. నేను వెర్షన్ చూసి 802.2 అని నా చేత్తో రాసేశాను. సర్వర్ దగ్గరికెళ్లి కాన్ఫిగ్ అని కొట్టి చూస్తే, 802.3! అంతకుముందున్న పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేసినవాళ్లు దఫ్తర్‌లో మెషీన్లన్నీ మార్చలేక పాత లిఫాఫానే ఉంచేశారన్నమాట. ఒకే తీగ మీద, ఒకే జబాన్‌లో, ఇద్దరూ గొంతు చించుకుంటున్నారు. ఒకరి లిఫాఫా ఒకరు విప్పడం లేదు.

ఒక్క లైను మార్చాను. సర్వర్ పేరు తెర మీదికొచ్చింది. కాపీకి రెండు గంటలు పట్టింది, డిస్క్ ఆగి ఆగి చదివింది. రెండు ఫైళ్లు మాత్రం రాలేదు. వాటిలోని లెక్కని మున్షీ చాచా కాగితం రిజిస్టర్లు ముందేసుకుని నెల రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించారు.

ఆ తర్వాత తారీఖ్ వేగంగా నడిచింది. నిజానికి నావెల్ 1998లోనే, నెట్‌వేర్ 5తో, టీసీపీ/ఐపీని తన సొంత జబాన్‌గా కబూల్ చేసింది. ఇంటర్నెట్‌కు ఆ జబానే కావాలి, ఒక దఫ్తర్‌లో రెండు జబాన్లు ఎవరు సాకుతారు? విండోస్ విస్టా ఐపీఎక్స్‌ను వదిలేసింది. ఆపిల్ 2009లో స్నో లెపర్డ్‌తో తన సొంత బిడ్డ ఆపిల్‌టాక్‌నే రుఖ్సత్ చేసింది. లినక్స్ కెర్నెల్ మాత్రం ఇంకొన్నేళ్లు దర్వాజా తెరిచే ఉంచింది. ఐపీఎక్స్ 2018లో పోయింది. 2010 నుంచే చూసుకునేవాళ్లు లేక యతీమ్‌గా పడున్న డెక్‌నెట్ 2022లో పోయింది.

ఉంటే నష్టమేంటి, ఓ మూల పడుంటుంది కదా అని మొదట్లో నాకూ అనిపించింది. ఎకోనెట్ కిస్సా తెలిశాక ఆ మాట మానేశాను. ఎవరూ వాడని, ఎవరూ చూడని ఆ కోడ్‌లో 2010లో లోపాలు బయటపడ్డాయి. మాడ్యూల్‌ను ఎవరైనా అడిగితే చాలు, కెర్నెల్ దాన్ని తనంతట తానే ఎక్కిస్తుంది. ఆ లోపాల్ని మరో లోపంతో కలిపి వాడితే, ఓ మామూలు యూజర్ మొత్తం మెషీన్‌కే మాలిక్ అయిపోవచ్చు. ఎకోనెట్ అనే పేరే విననివాళ్ల మెషీన్లకు ఆ దారిలో ఖత్రా! 2012లో దాన్ని తీసేశారు. దర్బాన్ లేని దర్వాజా దొంగకే పనికొస్తుంది.

అందుకే నాకు గిలా లేదు. కానీ ఆ రాత్రి చేసిన పని ఈ రోజు కొత్త కెర్నెల్‌తో చేయలేను. ఏ పాత కెర్నెలో వెతికి, దాన్ని పాత మెషీన్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో నడిపించాలి. ఆ పని తెలిసినవాళ్లూ ఏటేటా తగ్గిపోతున్నారు. మున్షీ చాచా అమానత్ టైముకు బయటికొచ్చింది కాబట్టి సరిపోయింది. ఇంకో ఇరవై ఏళ్లు ఆగి ఉంటే ఆ డిస్క్ బతికున్నా దాంతో మాట్లాడేవాళ్లు దొరికేవాళ్లు కాదేమో.

మీ ఇంట్లోనూ ఉండొచ్చు. అబ్బా పాత దుకాణం లెక్కల ఫ్లాపీలు, నానాజాన్ రాసుకున్న ఉర్దూ మజ్మూన్ల ఇన్‌పేజ్ ఫైళ్లు, అటక మీద ఓ పాత సీపీయూ. దాన్ని తెరవడం వచ్చినవాళ్లు ఇంట్లో ఇంకా ఉన్నారా? ఉంటే ఈ ఇత్వారే పక్కన కూర్చోబెట్టుకుని తెరిపించండి.