వెనక కాళ్లు చూశాకే చెయ్యి చాచండి

అండమాన్‌లో, శ్రీవిజయపురానికి (పాత పేరు పోర్ట్‌బ్లెయిర్) కాస్త దూరంగా ఒక తీరం. అమావాస్య రాత్రి. సముద్రం బాగా వెనక్కి తగ్గింది. పగడపు దిబ్బ పక్కన మోకాలి లోతు నీళ్లలో మీరు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో బకెట్. ముందు నడుస్తున్న పెద్దాయనది శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబం. ఈ దీవుల్లో అలాంటివాళ్లు చాలామందే.

ఇసుకలో ఏదో కదిలింది. టార్చి వేయండి. వీపు మీద మూడు ఎర్రచుక్కలు, చుట్టూ తెల్లటి అంచు. చుక్కలు సరే, వెనక కాళ్లు చూడండి. చివరి జత తెడ్డులా చదునుగా ఉందా? ఉంది. ఈత పీత. వీపున సిలువ గుర్తుండే పీతా, మన మండపీతా దీని చుట్టాలే. వెనకవైపు నుంచి డిప్ప పట్టుకోండి. బకెట్లో పడింది.

ఒక్కటే. కూరకు చాలదు.

రాతి సందులో ఇంకోటి. పారిపోదు. నింపాదిగా జరుగుతోంది. లేతరంగు డిప్ప, గుబ్బలు గుబ్బలుగా, వాటి మీద ఎర్రగోధుమ మచ్చలు. చూడముచ్చటగా ఉంది. వంగారు. చెయ్యి చాచారు.

“ముట్టుకోకు బాబూ!”

ఆగండి. వెనక కాళ్లు. తెడ్డు లేదు. మొనదేలాయి. పట్టుకాళ్ల కొసలు నలుపు. జోసిమస్ ఏనియస్. విషపు పీత.

వండితే పోదా? పోదు. ఎంత ఉడికించినా దీనిలోని సాక్సిటాక్సిన్ అనే విషం చావదు, పులుసులోకీ దిగుతుంది. చేదుండదు, వాసనుండదు. ‘మావాళ్లు తిన్నారు, ఏం కాలేదు’ అన్న మాట పట్టుకోకండి. ఒకే దిబ్బ మీద ఒక పీతలో విషం కొద్దిగా, పక్కదానిలో ప్రాణం తీసేంత ఉండొచ్చు. అసలు చిక్కేమిటంటే, మొనకాళ్లవన్నీ విషపువి కావు. నున్నటి వీపు మీద పెద్ద ఎర్రచుక్కలుండే పీతను కొన్ని దీవుల్లో తింటారు కూడా. కానీ టార్చి వెలుగులో ఆ తేడా తేల్చే పని మీకొద్దు. వదిలేయండి.

తిన్నారనుకోండి. ముందు పెదవులు చిమచిమ. నాలుక మొద్దు. వాంతి. కాళ్లు నిలవవు. మాట రాదు. ఊపిరి అందదు.

దీనికి విరుగుడు మందు లేదు. విషం దిగేదాకా యంత్రంతో ఊపిరి అందించడమే వైద్యం. అందుకే పీత తిన్నాక పెదవి తిమ్మిరెక్కితే, తెల్లారనిద్దాం అనుకోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. తినగా మిగిలిన డిప్ప కూడా పట్టుకెళ్లండి, డాక్టరుకు చూపించాలి.