బత్తాయి, నిమ్మ తోటలలో కీటకాల వల్ల వ్యాపించే వైరస్ తెగుళ్లు

నల్గొండ, అనంతపురం, కడప జిల్లాల బత్తాయి, నిమ్మ తోటలకు కీటకాలు చేరవేసే వైరస్ తెగుళ్లలో ముఖ్యమైనది ట్రిస్టిజా. దాదాపు 19,300 న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఏ గల దీని వైరస్, ఆకులలో తయారైన ఆహారాన్ని వేళ్లకు చేర్చే బెరడులోని నాళాలలో వృద్ధి చెందుతుంది. నారింజ జాతి నల్ల పేనుబంక లేత చిగుళ్ల రసం పీలుస్తూ కొద్ది గంటల్లోనే వైరస్‌ను గ్రహించి మరో చెట్టుకు చేరుస్తుంది. అయితే ఆ శక్తి దానిలో ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. 1930 తరువాత బ్రెజిల్‌లో ఈ తెగులు వల్ల పుల్ల నారింజ వేరుమూలంపై అంటుకట్టిన చెట్లు లక్షలాదిగా ఎండిపోయాయి. తెలుగు ప్రాంతాలలో రంగపూర్ నిమ్మ వేరుమూలానికి ప్రాధాన్యం ఇవ్వడానికి, అది ఈ తెగులును తట్టుకోవడం ఒక ముఖ్య కారణం. కాగ్జీ నిమ్మ మాత్రం తేలికగా లొంగుతుంది: వెలుతురుకు ఎదురుగా పట్టిన లేత ఆకులో ఈనెలు అక్కడక్కడ పాలిపోయి, గాజులా పారదర్శకంగా కనిపిస్తాయి, బెరడు ఒలిస్తే కాండంపై సన్నని గుంటలు బయటపడతాయి.

బత్తాయిలో ఆకులపై పసుపు మచ్చలు కలిగించే మొజాయిక్ తెగులును పిండినల్లి వ్యాపింపజేస్తుంది. దీని వైరస్ డీఎన్‌ఏ జాతికి చెందినది. తెగులు సోకిన చెట్టు నుంచి తీసిన మొగ్గతో కట్టిన అంటు రెండు వైరస్‌లనూ కీటకాల కన్నా దూరం మోసుకుపోతుంది కనుక, పరీక్షించిన తల్లిచెట్ల నుంచే మొగ్గలు తీయడం నర్సరీల మొదటి బాధ్యత.