రాత్రి డ్యూటీ చేసేవాడి పట్టా ఎక్కడ చెల్లుతుంది?



ఈ మధ్య మన సంఘం గ్రూపులో ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. పోలీసు ఉద్యోగంలో ఉన్నవాళ్ళు, కోర్టు గుమాస్తాలు, గుమ్మిడిపూండి సిప్‌కాట్‌లో సెక్యూరిటీ చూసేవాళ్ళు అడుగుతున్నారు. ఉద్యోగం మానకుండా క్రిమినల్ జస్టిస్‌లో పీజీ చేయొచ్చా? చేస్తే ఇక్కడ చెల్లుతుందా? మొదటిదానికి జవాబు ఒక్క ముక్క: చేయొచ్చు. రెండోదానికి మాత్రం కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. ఓపిక చేసుకుని చదవండి.

పోలీసుకు యూనివర్సిటీ చదువు కావాలన్న మాట గట్టిగా అన్నవాడు అమెరికాలో బర్క్‌లీ ఊరి పోలీసు చీఫ్ ఆగస్ట్ వోల్మర్. ఆయన చదివింది చిన్న బడి చదువే. అయినా 1908లో తన సిబ్బందికి ఒక బడి పెట్టాడు. 1916లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో వేసవి తరగతులు మొదలయ్యాయి. తర్వాత 1968లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం తెచ్చి, ఉద్యోగంలో ఉన్న పోలీసులు చదువుకోవడానికి గ్రాంట్లు, అప్పులు ఇచ్చింది. డబ్బు ఉందని తెలిసేసరికి కాలేజీలు పోటీపడి కోర్సులు తెరిచాయి. పదేళ్ళకు, 1978లో, లారెన్స్ షెర్మన్ రాసిన నివేదిక ఆ చదువుల నాణ్యతను గట్టిగా తప్పుబట్టింది. చాలా చోట్ల జరిగేది చదువు కాదు, ట్రైనింగ్‌నే మళ్ళీ చెప్పడం అని దాని సారం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మన దగ్గరా ఇలాంటిదే జరిగింది.

మన దేశంలో సాగర్ యూనివర్సిటీలో 1959లోనే క్రిమినాలజీ శాఖ వచ్చింది. మద్రాసు యూనివర్సిటీలోనూ క్రిమినాలజీ శాఖ ఉంది. 1970లో ఏర్పడిన ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిమినాలజీకి ఆ శాఖే ఇల్లు. దూరం చూస్తే మనకు దగ్గరే, ఎలవూరులో రైలెక్కితే యాభై కిలోమీటర్ల పైచిలుకు. కానీ రెగ్యులర్ కోర్సు అంటే పగలు క్లాసులో కూర్చోవాలి. బందోబస్తు డ్యూటీ పడ్డ కానిస్టేబుల్‌కు, షిఫ్టు మారే సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కు అది ఎక్కడ కుదురుతుంది?

ఆ ఇబ్బందికి దారి చూపినవాడు ఒక తెలుగువాడు, కరీంనగర్ జిల్లాలో పుట్టిన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు. కరెస్పాండెన్స్ కోర్సులు ఢిల్లీలో 1962 నుంచే ఉన్నాయి గానీ, అవి పోస్టులో నోట్సు పంపే పద్ధతి. బ్రిటన్‌లో 1969లో పుట్టిన ఓపెన్ యూనివర్సిటీ తరహాలో, 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు. దేశంలో అదే మొదటిది, రాంరెడ్డి గారే మొదటి వైస్ ఛాన్సలర్. 1985లో ఇగ్నో వచ్చినప్పుడూ మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. హైదరాబాదు యూనివర్సిటీకి 1991లో అంబేద్కర్ గారి పేరు పెట్టారు. దాని గొప్పతనం ఏమిటంటే, పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఇంటర్ లేకపోయినా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. పాఠాలు తెలుగులో అచ్చువేసి ఇచ్చారు. మిల్లులో, లారీ మీద, లాఠీ పట్టుకుని పనిచేసేవాళ్ళకు అది చిన్న విషయం కాదు. మా లెక్కలో గత నలభై ఏళ్ళలో తెలుగువాళ్ళకు జరిగిన పెద్ద మేళ్ళలో అదొకటి.

ఇక్కడే సరిహద్దు అడ్డం వస్తుంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. మన ఎలవూరు వైపు అంతకు ముందు నుంచీ ఇటే. ఊరు ఏ రాష్ట్రంలో ఉంటే ఉద్యోగం నియమాలు ఆ రాష్ట్రానివే కదా. 2009లో అన్నామలై యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు, మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో తెచ్చుకున్న ఎంఏ చెల్లదని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం 107వ నంబరు జీవో ఇచ్చింది. పది, పన్నెండు, ఆ తర్వాత డిగ్రీ అనే వరుస లేని ఓపెన్ యూనివర్సిటీ పట్టాలు ప్రభుత్వ ఉద్యోగాలకు పనికిరావని దాని సారాంశం. అంటే ఇంటర్ లేకుండా హైదరాబాదులో తెరిచిన ఆ తలుపు గుండా వెళ్ళి, దానిమీద పీజీ కట్టుకున్నవాళ్ళకు, ఇక్కడ ప్రమోషన్ దగ్గర ఆ చదువు అక్కరకు రాదు. చదివినవాళ్ళది తప్పా? కానే కాదు. అయినా నష్టం వాళ్ళదే.

రెండో దెబ్బ 2017 నవంబరు 3న పడింది. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ పట్టాల మీద సుప్రీంకోర్టు తీర్పు. 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్ళ పట్టాలను నిలిపివేసి, మళ్ళీ పరీక్ష రాయమంది. ఆ తర్వాత చేరినవాళ్ళవి రద్దయ్యాయి. అమెరికాలో నాణ్యత పోయింది, మన దగ్గర పట్టాయే పోయింది.

ఇప్పటి స్థితి వేరు. యూజీసీ 2020 సెప్టెంబరు 4 నాటి రెగ్యులేషన్ల ప్రకారం, గుర్తింపు ఉన్న యూనివర్సిటీ ఆన్‌లైన్‌లోగానీ దూరవిద్యలోగానీ ఇచ్చే డిగ్రీ రెగ్యులర్‌తో సమానం. కాబట్టి ఫీజు కట్టేముందు యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైటులో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, మీరు చేరే సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో చూడండి. ఏజెంటు చూపించిన కాగితం చాలదు. ఇంకో మాట. ఎల్ఎల్‌బీ మాత్రం దూరవిద్యలో లేదు. క్రిమినల్ జస్టిస్ పీజీ చేస్తే నల్లకోటు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇగ్నోలో క్రిమినల్ జస్టిస్ పీజీ డిప్లమో ఉంది, అది డిప్లమోనే గానీ ఎంఏ కాదు. ఈ తేడా తెలియక చేరి తర్వాత బాధపడితే లాభం లేదు.

పది, పన్నెండు, డిగ్రీ వరుసగా ఉన్నవాళ్ళు నిర్భయంగా చేరండి. వరుస తెగినవాళ్ళు ముందు ఆ తెగిన చోటు పూడ్చుకుని, అప్పుడు పీజీ సంగతి చూడండి. వయసు అడ్డం కాదు, పన్నెండో తరగతి ప్రైవేటుగా రాసుకోవచ్చు.

చివరిగా పుస్తకాల మాట. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ చట్టం పోయి మూడు కొత్త చట్టాలు వచ్చాయి. ఏడేళ్ళు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు చోటుకు రావాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. స్టేషన్‌లో పనిచేసేవాళ్ళకు ఈ చదువు ఇప్పుడు ఇదివరకటి కన్నా బాగా అక్కరకొస్తుంది. కానీ పాత పుస్తకాలు ఇంకా అంగళ్ళలో దొరుకుతూనే ఉన్నాయి. కొనేముందు హత్య సెక్షన్ దగ్గర తిప్పి చూడండి, 302 అని ఉందో 103 అని ఉందో.